ఊట పుట్టిన చేను

“రవ్వ కడిగే బుట్టలో మట్టి మోసిందెవరు?”

రుబియెమ్ ఆ మాట అడగడం అది మూడోసారి. మొదట పొయ్యిని అడిగింది. తరవాత గోడకి ఆనుకుని కూర్చున్న కూతుర్ని అడిగింది. మూడోసారి మాత్రం బుట్టని తీసుకొచ్చి కోడలి కాళ్ళ దగ్గర పడేసి అడిగింది.

సన్నటి వెదురు బద్దలతో అల్లిన బుట్ట. మొక్కజొన్న రవ్వ కడగడానికి తప్ప ఆ ఇంట్లో దాన్ని దేనికీ వాడరు. ఇప్పుడు అడుగు అల్లిక సందుల్లో ఎర్రమట్టి బంకలా పట్టి ఆరిపోయింది. ఓ పక్క రెండు బద్దలు విరిగి పైకి పొడుచుకొచ్చాయి.

పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తున్న ముర్యాతి తలెత్తలేదు. ఆ మట్టి ఎక్కడిదో ఆమెకి తెలుసు. ఎవరు మోశారో కూడా తెలుసు. మంగళవారం నించీ ఆ సంగతే ఆమె గొంతులో పచ్చివెలక్కాయలా అడ్డం పడి ఉంది.

“నేనే అత్తయ్యా,” అంది. “దుంపలు తవ్వుకొస్తుంటే వేరే బుట్ట కనపడలేదు.”

“ఏం దుంపలు? ఈ ఇంట్లో దుంపలు ఉడికి నెల దాటింది!”

“పోనియ్యవే అమ్మా,” అంది వినార్తి. ఏడో నెల పొట్ట మీదే కంచం ఆనించుకుని పచ్చిమామిడి ముక్కలు ఉప్పుకారంలో అద్దుకుంటోంది. “వదిన మట్టి తింటోందేమో. కడుపుతో ఉన్నది నేనో తనో ఓసారి అడుగు.”

“నీకు నవ్వులాటగానే ఉంటుంది. మా అమ్మ అల్లిన బుట్ట ఇది. ఇన్నేళ్ళలో ఒక్క బద్ద ఊడలేదు. నలుగురి తిండి కడిగే దాంట్లో మన్ను పొయ్యడం ఎక్కడైనా ఉందా? అవున్లే, ఇంట్లోకి మన్ను రావడం అలవాటైన వాళ్ళకి తప్పుగా కనపడదు.”

వినార్తి నములుతున్నది ఆపేసింది. “అమ్మా!”

రుబియెమ్‌కి కూడా అనకూడని మాట అన్నానని తెలిసినట్టుంది. బుట్ట తీసుకుని నీళ్ళ తొట్టి దగ్గరకెళ్ళి కొబ్బరి పీచుతో బరబరా తోమడం మొదలెట్టింది.

ముర్యాతి మొగుడు దర్సోనో గడప అవతలే ఉన్నాడు. తల్లి అన్న ప్రతి ముక్కా విన్నాడు. పెళ్ళాం తన తప్పు నెత్తిన వేసుకోవడమూ విన్నాడు. భుజం మీది తువ్వాలుకి చేతులు తుడుచుకుని, మేకలకి ఆకు కోసుకొస్తానని ఎవరితో అన్నది తెలియకుండా చెప్పి, కొడవలి తీసుకుని నడిచాడు.

అతని గోళ్ళ సందుల్లో ఆ ఎర్రమట్టే.

*

మేకల కొట్టం వెనక అతన్ని పట్టుకుంది ముర్యాతి. చేతిలో కూరగాయ తొక్కల చేట ఉంది, ఎవరైనా చూస్తే మేకలకి వెయ్యడానికొచ్చినట్టే.

“ఆ బుట్టే దొరికిందా మీకు?”

“తొందరలో చేతికందింది.”

“నిండిందా?”

దర్సోనో కొడవలి అంచు బొటనవేలితో చూసుకున్నాడు.

మంగళవారం పొద్దున ముర్యాతి ఈతజాతి సలాక్ చెట్ల కాయలు కొయ్యడానికి పైచేనుకి వెళ్ళింది. ముళ్ళ మట్టల కింద నేల చీలి ఉంది. జానెడు వెడల్పు. చేను ఈ కొసనించి ఆ కొసకి నెలవంకలా వంపు తిరిగి పోయింది. తన ఎత్తు కర్ర దించితే అడుగు తగల్లేదు. పరుగున కొండ దిగొచ్చి మొగుడికి చెప్పింది. అతను మామయ్యకి చెబుతాడనుకుంది, మామయ్య ఊరిపెద్దకి చెబుతాడనుకుంది. దర్సోనో ఎవరికీ చెప్పలేదు. పారా, చేతికందిన బుట్టా తీసుకెళ్ళి ఒక్కడే పగులంతా మట్టితో పూడ్చి, పైన ఎండాకులు పరిచి వచ్చాడు. గురువారం, తైవాన్‌లో పనిచేసి తిరిగొచ్చిన సుమిలా చేను చూడటానికి వస్తానంది. నచ్చితే కొంటుంది.

ఇవాళే గురువారం.

“పగులు పూడ్చడం తప్పా?” అన్నాడు దర్సోనో. “వాన నీళ్ళు లోపలికి దిగకుండా మీ ఊళ్ళోనూ పూడ్చేవాళ్ళుగా?”

“పూడ్చడం తప్పు కాదు. ఆకులు కప్పడం తప్పు.”

“మెల్లగా మాట్లాడు! ఈ సంగతి బయటికి పొక్కితే ఏమవుతుందో తెలుసా? ఆఫీసు వాళ్ళు వస్తారు. తాళ్ళు పట్టుకుని కొలుస్తారు. ఎర్ర బోర్డు పాతి పోతారు. ఎగువ వాడలో కిందటేడు పాతలా? భూమి వాళ్ళదే, కాగితాలూ వాళ్ళవే, కొనేవాడు మాత్రం ఉండడు. పిల్లా మేకా అంతా రేకుల షెడ్డులో పడున్నారు. మనకీ అదే గతి పట్టాలా?”

“నేనట్లా అన్నానా?”

“ఆ చేను అమ్ముడుపోతేనే కదా కింద రోడ్డు వారన బల్లపరుపు నేల కొనుక్కోగలిగేది! మన పిల్ల సెకార్ బడికి రోజూ ఈ జారుడు మెట్లు దిగక్కర్లేదు. కొండంటే భయం భయం అని రాత్రిళ్ళు ఉలిక్కిపడేది నువ్వేగా. నిన్ను కిందికి దించాలనే కదా నా తాపత్రయం!”

“నన్ను కిందికి దించి సుమిలాని పైకెక్కిస్తారా?”

“తోట వేసుకుంటుంది.”

“ఇల్లు కడుతుంది. నాతోనే చెప్పింది. పదకొండేళ్ళు తైవాన్‌లో పరాయి ముసలమ్మలకి ఒళ్ళు కడిగాను, ఇంక మా అమ్మకి కడుగుతాను అక్కా అంది. పలకరాళ్ళ నేల, తెల్ల గోడలు, అన్నీ చెప్పింది.”

“కట్టేలోపు చూద్దాంలే. సంతకాలయ్యాక నేనే చెబుతా, ఇక్కడ ఇల్లు వద్దమ్మా అని.”

“సంతకాలయ్యాకా?”

“ముందే చెబితే సంతకం పెడుతుందా ఎవతైనా?”

ఆ మాట నోట్లోంచి వచ్చాక దర్సోనో తనే మొహం తిప్పుకున్నాడు. చెడ్డవాడు కాడు. కూతురికి జ్వరం వస్తే వీపున కట్టుకుని వానలో రెండు కోసుల దూరం నడిచినవాడు. ముర్యాతికి అదే భయం వేసింది. చెడ్డవాడైతే ఇంత భయం వేసేది కాదు.

ముర్యాతిది ఎదురుకొండ మీది కెబొన్‌దువుర్. ఆమెకి పదకొండేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం ఆ ఊరు సగం జారిపోయింది. పిన్నమ్మ ఇంటికి వెళ్ళింది కాబట్టి ఆమె మిగిలింది. తల్లి ఎక్కడుందో ఈనాటికీ తెలియదు. అంతకు పది రోజుల ముందు వాళ్ళింటి వెనక కొత్తగా ఊట పుట్టింది. తల్లి సంబరపడిపోయింది. లోయ దిగి నీళ్ళు మోసే బాధ తప్పిందని ఆ నీళ్ళతో ఇల్లంతా కడిగింది.

*

సుమిలా తొమ్మిదింటికే వచ్చింది, తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ. కాళ్ళకి తెల్లటి కాన్వాసు బూట్లు.

“ఆ బూట్లతో చేలోకొస్తావా అమ్మా?” అన్నాడు ముర్యాతి మామ కర్తోరెజో. “అవి బజారుకి కదా వేసుకునేది?”

“కొన్న దగ్గర్నించీ పెట్టెలోనే ఉన్నాయి పెదనాన్నా. నా చేలోనైనా వాటిని నడవనియ్యి.”

“ఇంకా నీ చేను కాలేదే పిల్లా!” అని ముసలాయన కిలకిలా నవ్వాడు.

ముందు ముసలాయన, వెనక తల్లీకూతుళ్ళు, వాళ్ళ వెనక దర్సోనో. చివర టీ కూజా పట్టుకుని ముర్యాతి. మొన్న వానకి మెట్ల మీది మట్టి ఇంకా ఆరలేదు. మెట్టు మెట్టుకీ ముసలావిడ “బిస్మిల్లా” అంటూ ఎక్కింది.

చేను కింది గట్టు దగ్గరికి రాగానే కర్తోరెజో ఆగాడు. చెయ్యి పైకెత్తి అందర్నీ ఆపాడు.

నీళ్ళ చప్పుడు.

గట్టు అడుగున రెండు రాళ్ళ సందులోంచి నీళ్ళు బుడబుడమని వస్తున్నాయి. చిటికెన వేలు లావు ధార. రెండ్రోజుల కిందట అక్కడ తడి కూడా లేదు.

ముసలాయన గట్టు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దోసిట్లోకి పట్టుకుని వాసన చూశాడు. పెదవులకి తాకించుకున్నాడు. కళ్ళు మూసుకుని ఏదో చదువుకున్నాడు. ఏటా ఎండల్లో వాడకి నీళ్ళు తెచ్చే వెదురు గొట్టం ఎండిపోతే ఆ వాడ ఆడవాళ్ళు లోయలోకి రెండొందల మెట్లు దిగి నీళ్ళు మోస్తారు. ఆయన భార్య మోసింది. ఆయన తల్లి మోస్తూ మోస్తూ జారిపడి ఆ నడుంనొప్పితోనే పోయింది.

“చూశావటమ్మా సుమిలా,” అన్నాడు. “నేను బుద్ధెరిగిన నాటి నించి ఈ చేలో చుక్క నీరు లేదు. మా నాన్న నాలుగు చోట్ల తవ్వించాడు. అప్పుడు పడలేదు. ఇప్పుడు దానంతటది వచ్చింది.”

“నేను అడుగు పెట్టానుగా పెదనాన్నా!”

ముసలావిడ అప్పటికే ఆ నీళ్ళతో మొహం కడుక్కుంటోంది.

ముర్యాతి మాత్రం నీళ్ళ రంగు చూసింది. పాలు పొయ్యని టీ రంగు. కెబొన్‌దువుర్‌లో అమ్మ ఇల్లు కడిగిన నీళ్ళు అచ్చం ఇదే రంగు. ఆమె కళ్ళెత్తింది. గట్టు మీది సలాక్ చెట్లు వరసంతా ఒకే వైపుకి, లోయ వైపుకి, నమాజులో వంగినట్టు వంగి ఉన్నాయి. మంగళవారం అట్లా లేవు.

కూజా చేతిలో వేడిగా ఉంది. రెండో చేతికి మార్చుకుంది.

“ఏంటక్కా, నువ్వేం మాట్లాడవు?” సుమిలా ఆమె చెయ్యి పట్టుకుంది. “వంటిల్లు ఇటు పెట్టనా అటు పెట్టనా? నువ్వు చెప్పు. నీళ్ళు ఇటున్నాయి కాబట్టి ఇటేనా?”

దర్సోనో పెళ్ళాం వంక చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది.

“ఇక్కడ ఇల్లు కట్టకు సుమిలా,” అంది ముర్యాతి.

సుమిలా చెయ్యి వదిలేసింది.

“ఏం?”

“పైన నేల పగిలింది. చేను అడ్డంగా పగిలింది. వాన నీళ్ళు ఆ పగుల్లోంచి దిగి ఇక్కడ బయటపడుతున్నాయి. ఇది ఊట కాదు మామయ్యా. కొండ అడుగున నానిపోతోంది.”

ముసలావిడ తడిమొహంతో అలాగే ఉండిపోయింది. కర్తోరెజో మెల్లగా లేచి కొడుకు వైపు తిరిగాడు.

“పగులా? ఏరా, పైన పగులుందా?”

దర్సోనో గొంతు సవరించుకున్నాడు. ముర్యాతి అతని వంకే చూసింది. చెప్పేస్తాడనుకుంది. తండ్రి అంత సూటిగా అడిగితే చెప్పేస్తాడు.

“లేదు నాన్నా. అడవిపంది తవ్విన గొయ్యి. నేనే పూడ్చాను.” ఒక్క క్షణం ఆగి నవ్వు తెచ్చుకున్నాడు. “ఆవిడ సంగతి తెలిసిందేగా. పంది గొయ్యి చూసినా కొండ కదిలినట్టే ఉంటుంది. వెదురు గంట ఎక్కడుందో చూసి దాచెయ్యండి ముందు.”

ముసలావిడ పళ్ళులేని నోటితో ఫక్కున నవ్వేసింది. కర్తోరెజో కూడా నవ్వాడు. మూడేళ్ళ కిందట ఒక జడివానలో, నేల కదిలి వంటింటి తలుపు సరిగ్గా మూతపడటం లేదనుకుని, ముర్యాతి ప్రార్థన ఇంటి దగ్గరి వెదురు గంట వాయించి వాడంతా లేపింది. జనం పిల్లల్నీ మేకల్నీ కోళ్ళనీ ఎత్తుకుని పరిగెత్తారు. తెల్లారేదాకా తడిశారు. కొండ కదల్లేదు. తలుపు చెక్క వానకి ఉబ్బిందని తేలింది. అప్పటినించీ ఆమె ఊళ్ళో ‘గంట ముర్యాతి’. పెళ్ళిళ్ళలో, బజారులో ఇప్పటికీ ఎవరో ఒకరు “గంట కొట్టావా ఇవాళ?” అని పలకరిస్తారు.

“మామయ్యా, ఒక్కసారి పైకొచ్చి చూడండి. మీ కళ్ళతో చూడండి.”

“పైదాకా ఎక్కే మోకాళ్ళు నాకెక్కడివమ్మా?” అన్నాడు ముసలాయన, కోపం లేకుండానే. “నా కొడుకు కళ్ళు నా కళ్ళు కావా?”

సుమిలా నవ్వింది కానీ ఆ నవ్వు మధ్యలో ఆగింది. తెల్లబూట్ల మీది మట్టి చూసుకుంటూ, “మరి మాట అనేసుకుందామా పెదనాన్నా?” అంది.

కర్తోరెజో ఊట వంక చూస్తున్నాడు.

“రెండు రోజులు ఆగమ్మా.”

“ధర పెంచుతావా ఏంటి?”

“ధర కాదు. నేలకి నీళ్ళొచ్చాయి. ఇంట్లో ఓ మాట అనుకోవాలి.”

మెట్లు దిగుతున్నంతసేపూ దర్సోనో తండ్రి వెనకాలే “రెండు రోజులెందుకు నాన్నా, ఇవాళే తేల్చేద్దాం” అంటూనే ఉన్నాడు. ముసలాయన వినిపించుకోలేదు.

*

మధ్యాహ్నం ప్రార్థన వేళకి ముర్యాతి ఒక్కతే పైచేనుకి వెళ్ళింది.

ఎండాకులు పరిచిన చోట ఇప్పుడు ఆకులు లేవు. లోపలికి పోయాయి. దర్సోనో పోసిన మట్టి మోకాలి లోతున దిగిపోయి, అంచులు కొత్తగా, తడిగా, కోసిన రొట్టెలా ఉన్నాయి. వంగి చెయ్యి పెట్టింది. కిందనించి చల్లటి గాలి వేళ్ళకి తగిలింది.

పైన అడుగుల చప్పుడు. చెట్ల సందులోంచి దర్సోనో వచ్చాడు, భుజం మీద పార.

ఇద్దరూ పగులుకి చెరోపక్క నిలబడ్డారు. నిన్నటికి అతను అడుగు వేసి దాటేంత ఉండేది. ఇవాళ దాటాలంటే కాలు చాచాలి.

“ఇది పంది పనేనా?” అంది ముర్యాతి.

“మళ్ళీ పోస్తాను.”

“ఎంత పోస్తారు? కొండనంతా పోస్తారా?”

“మరేం చెయ్యమంటావు!”

“మామయ్యకి చెప్పండి. నేను చెబితే నమ్మరు. నమ్మకుండా మీరే చేశారు.”

దర్సోనో పార నేల మీద గుచ్చి, పిడి మీద గడ్డం ఆనించాడు. “ఏ మొహం పెట్టుకుని చెప్పను?” అన్నాడు. “సుమిలా ముందు, వాళ్ళమ్మ ముందు లేదన్నాను. ఇప్పుడు ఉంది అంటే, తెలిసి తెలిసి ఆడకూతుర్ని గోతిలోకి తోసేవాణ్ణని కాదా అర్థం? మా నాన్న ఈ ఊళ్ళో ఇంక తలెత్తుకు తిరగగలడా?”

“తిరగడానికి ఊరుండాలిగా.”

“నీకు ఎప్పుడూ అదే మాట!”

“ఎప్పుడూ అదే భయం. మాట మార్చమంటే ఎక్కణ్ణించి తేను?”

అతను పారతో మట్టి ఎత్తి పగుల్లో వేశాడు. కింద పడ్డ చప్పుడు కోసం ఇద్దరూ చెవులు రిక్కించారు. ఎంతసేపటికీ వినపడలేదు. దర్సోనో రెండో పార ఎత్తలేదు.

*

పొద్దు వాలుతుండగా చాప పరిచారు. కర్తోరెజో ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాలనుకుంటే ఆ వేళకి అందరినీ ఒకే చాప మీద కూర్చోమంటాడు. మామూలు రోజుల్లో ఎవరి కంచం వాళ్ళది, ఎవరి మూల వాళ్ళది.

మొక్కజొన్న అన్నం, కొబ్బరిపాల సొరకాయ కూర, వేయించిన సోయాగింజల తెంపె ముక్కలు, రోట్లో నూరిన పచ్చిమిరప కారం, ఉప్పుచేప. చేప తల ఉన్న పెద్దముక్క రుబియెమ్ మాట్లాడకుండా కోడలి కంచంలో వేసింది. పొద్దున అన్నదానికి అదే ఆవిడ క్షమాపణ. ఆరేళ్ళ సెకార్ తాత తొడ మీద మోచెయ్యి ఆనించి కూర్చుని, చేప ముళ్ళు ఏరి ఆయన కంచంలోకే వేస్తోంది.

“తాతా, ఇవి నీ మేకకి.”

“మేక చేప తింటుందటే?”

“నీ మేక అన్నీ తింటుంది. నా పుస్తకం తినలేదా?”

అందరూ నవ్వారు. వానమబ్బు కమ్ముకుని ఇంట్లో వెలుతురు తగ్గింది. ముసలాయన కంచం కొంచెం ముందుకి జరిపాడు.

“చేను అమ్మడం లేదు,” అన్నాడు.

ముర్యాతి గుండెల మీదనించి పెద్ద బండ దిగినట్టయింది. సుమిలా బతికింది. తల్లీకూతుళ్ళిద్దరూ బతికారు. ఇంక నెమ్మది మీద, ఎవరి పరువూ పోకుండా, ఎట్లాగో నచ్చజెప్పి...

“అది వినార్తికి ఇస్తున్నాను.”

వినార్తి నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. “నాకా నాన్నా?”

“మా నాన్న మాకు ఎలా పంచాడో నేనూ అలాగే పంచుతా. మగపిల్లాడికి కావడి, రెండు వైపులా రెండు బుట్టలు. ఆడపిల్లకి వీపు మీద ఒక్క మూట. దర్సోనోకి ఈ ఇల్లూ కింది మడీ. నీకు ఒక్కటే మూట. ఆ ఒక్కటీ నీళ్ళున్న మూట కావాలమ్మా. మీ నానమ్మలా, మీ అమ్మలా నువ్వు లోయలోకి దిగి మొయ్యకూడదు. మనం అమ్ముదామనుకునే రోజున నీళ్ళొచ్చాయంటే, అమ్మొద్దని చెప్పడానికే వచ్చాయి.”

వినార్తి ఏడ్చేసింది. రుబియెమ్ కొంగుతో కళ్ళొత్తుకుంటూ, “ఊరుకో, కడుపుతో ఉండి ఏడవకూడదు,” అని తనే ఎక్కువ ఏడ్చింది.

ముర్యాతి మొగుడి వంక చూసింది. అతను కంచంలోని సొరకాయ ముక్కని వేలితో అటూ ఇటూ జరుపుతున్నాడు.

“ఇవాళ గురువారం వగె,” ముసలాయన ఏడు వారాల్నీ అయిదు సంతరోజుల్నీ కలిపి వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టాడు. “పొద్దు కుంకితే శుక్రవారం క్లివోన్. ఇంతకంటే మంచి ఘడియ మళ్ళీ ముప్ఫై అయిదు రోజులకి గానీ రాదు. ఇల్లు లేపాలంటే ముందు ఆ నేల మీద నిద్ర చెయ్యాలి. ఏడు రాత్రులు. అల్లుడు లారీ పని ముగించుకుని చీకటి పడేలోపు వస్తాడు. నేనూ, మీ అమ్మా, వినార్తీ, అల్లుడూ ఇవాళే అక్కడ పాక వేసుకుని పడుకుంటాం. దర్సోనో, పాకకి వెదుర్లు నువ్వు కోసుకురావాలి. చెల్లెలి ఇంటికి మొదటి కర్ర అన్న చేత్తోనే పడాలి.”

“మబ్బు పట్టింది నాన్నా,” అన్నాడు దర్సోనో. “వాన పెద్దదే వచ్చేట్టుంది. ఇంకో రోజు చూద్దాం.”

“రానీరా. ఎంత వానకి ఊట ఎంత పెరుగుతుందో కళ్ళారా చూడొచ్చు.”

“వినార్తి తడుస్తుంది.”

“తాటాకులు కప్పవా ఏం?” ముసలాయన కొడుకుని పరీక్షగా చూశాడు. “చెల్లెలికిస్తున్నానని కష్టంగా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు. మనసులో ఏదన్నా ఉంటే ఈ చాప మీదే చెప్పెయ్యి. లేచాక వద్దు.”

వినార్తి కన్నీళ్ళ మొహంతోనే అన్న వంక బెదురుగా చూసింది. అతను కాదంటాడేమోనని బెదురు.

ఆ చూపు దర్సోనో తట్టుకోలేకపోయాడు.

“ఏం లేదు నాన్నా,” అన్నాడు. “కోసుకొస్తా.”

ముర్యాతి ముద్ద కంచంలో వదిలేసింది. తను చెబితే మళ్ళీ పంది గొయ్యి అంటాడు, మళ్ళీ గంట కొట్టావా అని నవ్వుతారు. ఆ నవ్వులు ముగిసేసరికి పొద్దు కుంకుతుంది. నలుగురు అన్నాలు తిని, దుప్పట్లు చంకన పెట్టుకుని, ఆ మెట్లెక్కి, టీరంగు నీళ్ళ పక్కన పడుకుంటారు. వినార్తి పొట్టలోది అయిదో ప్రాణం. ఇప్పుడు వాళ్ళు నమ్మేది ఒక్కడి మాట. ఆ ఒక్కడూ కంచంలోంచి తలెత్తడం లేదు.

అతను ఎవరికి అబద్ధం చెప్పగలడో ఆమె ఇవాళ పొద్దుటినించీ చూస్తూనే ఉంది. సుమిలాకి చెప్పాడు. తండ్రికి చెప్పాడు. చెల్లెలికీ చెప్పాడు. ఇంకా చెప్పని మనిషి తాత తొడ మీద మోచెయ్యి ఆనించి చేప ముళ్ళు ఏరుతోంది.

ముర్యాతి కుడిచెయ్యి కంచంలోనే కడుక్కుంది. ఆ మాట పైకి అన్నాక వెనక్కి తీసుకునే దారి ఉండదని తెలుసు.

“నేనూ వస్తాను మామయ్యా,” అంది. “సెకార్‌ని కూడా తీసుకొస్తాను. పసిపిల్ల నిద్ర చేస్తే కొత్త నేలకి మంచిదంటారుగా.”

“శభాష్!” అన్నాడు ముసలాయన, మొహం విప్పారింది. “గంట ముర్యాతికి ధైర్యం వచ్చిందే!”

“నేను తాత పక్కన!” అని సెకార్ ఎగిరి చప్పట్లు కొట్టింది.

దర్సోనో తలెత్తాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ముర్యాతి ఆ కళ్ళలోకి సూటిగా చూసింది.

“మీరే చెప్పండి సెకార్ నాన్నా. పిల్లకి పక్క ఎక్కడ వెయ్యను? ఊట దగ్గరా, పైన మీరు పూడ్చిన పంది గొయ్యి దగ్గరా?”